ఆలస్యంగా పడే దెబ్బ

ఎడమకి తిరగాల్సిన సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉన్నప్పుడు ఇండికేటర్ టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. లోపల పాట మోగుతూ ఉంటే ఆ టిక్కుకీ, పాటలోని డ్రమ్ము దెబ్బకీ మధ్య ఏదో నడుస్తుంది. కాసేపు రెండూ ఒక్క అడుగు వేస్తాయి. తర్వాత ఒకటి వెంట్రుకవాసి వెనకబడుతుంది, ఆ వెంట్రుకవాసి పెరిగి బెత్తెడవుతుంది, ఎవరి దారి వారిదవుతుంది, మళ్లీ ఎక్కడో కలుసుకుంటాయి. ఇన్నేళ్లుగా కారు నడుపుతున్నా, ఈ మధ్యే ఇది నన్ను పట్టుకుని వదలడం లేదు. ఈ కాలపు పాటలు చాలావాటితో ఈ ఆట ఒక లెక్కలో సాగుతుంది. ఎన్ని టిక్కుల తర్వాత మళ్లీ కలుస్తాయో కాసేపు వింటే చెప్పేయొచ్చు. రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'హాంకీ టాంక్ విమెన్' వస్తే మాత్రం ఏ లెక్కా నిలవదు. 1969లో రికార్డు చేసిన పాట అది. మొదలైనప్పటి నడక ఒకటి, ముగిసేసరికి నడక ఇంకొకటి. మధ్యలో ఎక్కడ వేగం అందుకుంటుందో పట్టుకుందామని చెవి రిక్కించి వింటాను. దొరకదు. వెనకనున్న కారువాళ్లు హారన్ కొడతారు, సిగ్నల్ ఎప్పుడో ఆకుపచ్చకి మారి ఉంటుంది. మనుషులు నలుగురు ఒక గదిలో కలిసి వాయిస్తూ, ఒకరి ఉత్సాహం ఒకరికి అంటుకుని, తమకే తెలియకుండా పరుగు పెంచుకున్న ఆ కొన్ని నిమిషాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పక్కన ఒక యంత్రాన్ని పెట్టి చూస్తే తప్ప ఆ పరుగు బయటపడదు. నాకు ఈ సంగతి ఇంత ముఖ్యం ఎందుకైంది? 2024 ఏప్రిల్ 28 రాత్రి హ్యూస్టన్‌లోని ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో ఆ పాటని వాళ్లే వాయిస్తుంటే విన్నాను కాబట్టి. అంతకుముందు ఒకసారి, మరీ వేరే జీవితంలో అనిపించేంత దూరాన, బెంగళూరులో విన్నాను కాబట్టి.

బెంగళూరు కచేరీ 2003 ఏప్రిల్ 4న. రోలింగ్ స్టోన్స్ మొదటిసారిగా మనదేశంలో వాయించిన రాత్రి అది. మూడు రోజుల తర్వాత బొంబాయి బ్రేబోర్న్ స్టేడియంలో ఇంకోటి. బృందానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా చేస్తున్న 'లిక్స్' యాత్రలో భాగంగా వచ్చారు. ఆ నెల రోజుల్లో ప్రపంచం ఎలా ఉందో ఇప్పుడు తలుచుకుంటే, వాళ్లు అసలు రావడమే వింతగా తోస్తుంది. ఇరాక్ మీద యుద్ధం మొదలై రెండు వారాలే అయింది. సార్స్ జబ్బు భయంతో హాంకాంగ్ కచేరీలు వాయిదా పడ్డాయి, చైనా కచేరీలు రద్దయ్యాయి. మనకి మాత్రం వచ్చారు. తమ్ముడూ నేనూ కాచిగూడలో రైలెక్కాం. అమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. నాన్నకి మేం ఎక్కడికి వెళ్తున్నామో అర్థమయ్యేలా చెప్పడం కష్టమైంది. పాటకచేరీకి అన్నాం. ఎవరిది అన్నారు. ఇంగ్లీషువాళ్లు, అరవై ఏళ్ల మనుషులు అన్నాం. ఆయనకి అదొక్కటే నచ్చింది. పెద్దవాళ్ల కచేరీ అయితే ఫరవాలేదన్నట్టు తలూపారు.

అప్పటికి మా ఇంట్లో వాళ్ల పాటల క్యాసెట్లు అరిగిపోయి ఉన్నాయి. కొన్ని కొన్నవి, ఎక్కువభాగం ఎవరిదగ్గరో తీసుకుని ఎక్కించుకున్నవి. అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజార్లో ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పత్రికల గుట్టల్లో వెతికితే ఒక్కోసారి వాళ్ల బొమ్మ ఉన్న పేజీ దొరికేది. అంటే మాకు తెలిసిన రోలింగ్ స్టోన్స్ ఎక్కువగా శబ్దమూ, నాలుగైదు ఫొటోలూ. ఆ మనుషులు నడుస్తారని, వాళ్లకి చెమట పడుతుందని, గిటారు తీగ శ్రుతి దిగితే మొహం చిట్లిస్తారని ఊహకి అందేది కాదు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ సాయంత్రం వాన పడింది. చెప్పులు బురదలో కూరుకుపోతున్నాయి, తడిసిన బట్టలు ఒంటికి అంటుకుంటున్నాయి, ఎక్కడెక్కడినుంచో వచ్చిన జనం ఒకరి భుజాలమీద ఒకరు చేతులేసుకుని నిలబడ్డారు. అప్పుడు ఆ శబ్దం వచ్చింది. గుండెలమీద ఎవరో అరచేత్తో తట్టినట్టు అయింది. చుట్టూ అంతా అరుస్తున్నారు, నేనూ అరిచాను. ఏం అరిచానో ఎవరడగొచ్చారు?

నేను ఆ రాత్రంతా మిక్ జాగర్‌ని చూశాను. ఆ వేదిక మీద అతన్ని తప్ప ఇంకొకరిని చూడడం ఎలా సాధ్యమో నాకు తెలియలేదు. యాభై తొమ్మిదేళ్ల మనిషి ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగులు పెడుతున్నాడు. నడుం మీద చెయ్యి, ఎగరేసిన గడ్డం, ప్రతి మాటనీ కొరికి వదులుతున్న నోరు. మా తమ్ముడి చూపు మాత్రం ఎప్పుడూ వెనక్కే పోయేది. వాడు విజయవాడలో మా మామయ్య ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో మృదంగం నేర్చుకున్నాడు. అరంగేట్రం దాకా వెళ్లలేదుగానీ గురువుగారు కూర్చోబెట్టి చెవికి పట్టించిన కాలప్రమాణం వాడిలో ఉండిపోయింది. ఎవరు ఏం వాయిస్తున్నా ముందు వాడి చూపుడువేలు తొడమీద కదులుతుంది. ఆ హోరులో నా చెవిదగ్గర నోరు పెట్టి అరిచాడు: "అక్కా, ఆయన్ని చూడు, దెబ్బ దగ్గర కుడిచెయ్యి ఎత్తేస్తున్నాడు!" పెద్ద తెరమీద ఒక్క క్షణం చార్లీ వాట్స్ కనిపించాడు. చక్కగా దువ్వుకున్న తెల్లజుట్టు, ఇంకెక్కడో ఉన్నట్టున్న మొహం. నేను "ఆఁ ఆఁ" అని మళ్లీ జాగర్ వైపు తిరిగాను.

తమ్ముడు చూసింది ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మామూలుగా రాక్ డ్రమ్మర్ కుడిచెయ్యి రెండు తాళాల్లాంటి హైహ్యాట్ మీద ఆగకుండా పడుతూనే ఉంటుంది. ఎడమచెయ్యి స్నేర్ డ్రమ్ము మీద రెండో లెక్కకీ నాలుగో లెక్కకీ పడుతుంది. అంటే ఆ రెండు చోట్ల రెండు చేతులూ కలిసి దిగుతాయి. వాట్స్ దిగనివ్వడు. స్నేర్ మీద దెబ్బ పడే చోట కుడిచెయ్యి హైహ్యాట్ మీదనుంచి పైకి లేచి ఆగిపోతుంది. అక్కడ స్నేర్ ఒక్కటే వినిపిస్తుంది. చుట్టూ ఏమీ ఉండదు. అంత పెద్ద శబ్దపు సముద్రంలో ప్రతి ఆవర్తనానికీ రెండుసార్లు ఒక చిన్న ఖాళీ తెరుచుకుంటుందన్నమాట. దానిలోనుంచే ఆ పాటలకి గాలి వస్తుంది. ఇంకొకటి కూడా ఉంది. ముప్ఫై ఏళ్లు అతని పక్కన బేస్ గిటారు వాయించిన బిల్ వైమన్ ఒకచోట చెప్పాడు. మిగతా బృందాల్లో అందరూ డ్రమ్మర్‌ని అనుసరిస్తారట. వీళ్లలో డ్రమ్మర్ గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌ని అనుసరిస్తాడట. అందువల్ల దెబ్బ ఎప్పుడూ ఒక పిసరు ఆలస్యంగా పడుతుంది. సంగీతశాలలో అయితే గురువుగారు ఊరుకోరు, కాలం పట్టుకోమని కసురుతారు. కానీ ఆ పిసరు ఆలస్యంలోనే వాళ్ల నడక ఉంది. పడిపోతున్నట్టే ఉండి పడకుండా నిలదొక్కుకునే నడక.

దేశం మారాక నా వినడం మారింది. పని అయ్యాక రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేదాన్ని. కచేరీలో ఒళ్లంతా వినేది, ఇక్కడ చెవి ఒక్కటే వినాలి. కీత్ రిచర్డ్స్ తన జ్ఞాపకాలని 'లైఫ్' పేరుతో 2010లో పుస్తకంగా తెచ్చాడు. అందులో ఆరో తీగ తీసేసి మిగిలిన ఐదింటినీ 'జి' కార్డుకి శ్రుతి చేసుకుని వాయించడం గురించి రాసినచోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక తీగ తీసేస్తే ప్రపంచం తెరుచుకుందని చెప్పే మనిషిని నమ్మకుండా ఎలా ఉండగలం? వాట్స్ గురించి చదివినదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది అతని బొమ్మలు. డ్రమ్మరు కాకముందు అతను ప్రకటనల రంగంలో గ్రాఫిక్ డిజైనరు. ఊరూరా తిరిగిన దశాబ్దాల్లో తాను పడుకున్న ప్రతి హోటల్ గదిలోని మంచాన్నీ బొమ్మ గీసి పెట్టుకున్నాడు. బయట స్టేడియంలు ఊగిపోతుంటే లోపల పుస్తకంలో ఒక మంచం, ఒక దీపం, ఒక టెలిఫోను. అయితే బెంగళూరులో పడుకున్న మంచం కూడా ఎక్కడో ఉండి ఉండాలి కదా? వానవెలిసిన ఆ రాత్రి అతని చెయ్యి మళ్లీ కర్రలు పక్కన పెట్టి పెన్సిలు పట్టుకుని ఉంటుంది.

2021 ఆగస్టు 24న ఆయన పోయారు. ఎనభై ఏళ్లు. ఆ నెల మొదట్లోనే ఆరోగ్యం బాగాలేక, రాబోయే అమెరికా యాత్రకి తనకి బదులు స్టీవ్ జోర్డన్ వాయిస్తాడని ఒప్పుకున్నారు. జోర్డన్ ఎవరో కాదు, ఎనభైల చివరినుంచి కీత్ రిచర్డ్స్‌తో సొంత బృందంలో పనిచేసినవాడు. సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌లో యాత్ర మొదలైంది. వార్త చదివిన రోజు నేను తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తి, ఏం మాట్లాడకుండా కాసేపు ఉన్నాడు. తర్వాత, "ఇంకేముందక్కా, ఇక వాళ్ల కచేరీకి వెళ్లి చూసేదేముంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. చాలాకాలం అలాగే అనిపించింది. దాదాపు అరవై ఏళ్లు బృందం వెన్నెముకగా ఉన్న మనిషి లేనప్పుడు, ఉన్నవాళ్లని అదే పేరుతో పిలవడం సరైనదేనా?

ఈ ప్రశ్న వాళ్ల విషయంలో కొత్తది కాదు. 1962 జూలైలో లండన్ మార్కీ క్లబ్బులో మొదటిసారి ఆ పేరుతో వేదికెక్కినప్పుడు నాయకుడు బ్రయాన్ జోన్స్. అతను 1969 జూలై 3న ఈతకొలనులో మునిగి పోయాడు. రెండు రోజులకే హైడ్ పార్కులో లక్షల మంది ముందు కచేరీ చేశారు. పియానో వాయించే ఇయాన్ స్టూవర్ట్‌ని 1963లోనే, రూపం సరిపోలేదని, మేనేజరు వేదికమీదనుంచి తప్పించాడు. ఆయన కినుక వహించకుండా 1985లో పోయేదాకా వాళ్ల సామాను మోస్తూ, వెనకనుండి పియానో వాయిస్తూ ఉండిపోయాడు. మిక్ టేలర్ వచ్చి వెళ్లాడు. రోనీ వుడ్ 1975లో చేరాడు. ఇన్నేళ్లయినా ఇప్పటికీ అతన్ని కొత్తవాడిగానే చూసేవాళ్లున్నారు. బిల్ వైమన్ తొంభైల మొదట్లో తప్పుకున్నాడు. మరి నేను బెంగళూరులో చూసినది అసలు బృందమా? అప్పుడు ఆ అనుమానం రాలేదే! ఎవరు ఉన్నప్పుడు మనం వచ్చి చేరామో అదే అసలుదని అనుకుంటాం కాబోలు. మనకంటే ముందు పోయినవాళ్లు చరిత్ర, మన కళ్లముందు పోయినవాళ్లు నష్టం.

ఇక్కడ నాకు వేదాంతం సత్యనారాయణ శర్మగారు గుర్తొస్తారు. చిన్నప్పుడు నాన్న మమ్మల్ని రవీంద్రభారతికి తీసుకెళ్లి చూపించిన భామాకలాపం ఆయనది. మగవాళ్లే ఆడవేషం కట్టే కూచిపూడి సంప్రదాయంలో సత్యభామ అంటే ఆయనే. వయసు మళ్లాక కూడా ఆ వేషం కట్టారు. సత్యభామ ప్రవేశంలో ముందు మొహం కనిపించదు. తెర మీదుగా జడ బయటికి వస్తుంది. ఆ జడ చూడగానే హాలంతా గుసగుసలు ఆగిపోయాయి. తర్వాత తెర దిగి మనిషి కనిపించినప్పుడు నాకు చెంపల దగ్గర ముడతలు కూడా కనిపించాయి, రంగు కింద దాగలేదు. కానీ ఆవిడ గర్వం, ఆవిడ అలక, ఓరచూపు తిప్పిన తీరు చూస్తూంటే ఆ ముడతలు ఎవరివో అర్థం కాలేదు. ఇంటికి వస్తూ నాన్న, "వయసులో ఉన్న పిల్లలు చేస్తే అందం కనిపిస్తుంది, ఈయన చేస్తే సత్యభామ కనిపిస్తుంది" అన్నారు. మన పెద్దవాళ్లకి అది కొత్త సంగతి కాదు. గొంతు బొంగురుపోయిన విద్వాంసుడి రాగం కోసం దూరాల నుంచి వచ్చి కూర్చునేవాళ్లు వాళ్లు. పద్యనాటకంలో కృష్ణుడి పద్యం అయిపోగానే "వన్స్ మోర్" అని అరిచి, తెలిసిన పద్యాన్నే మళ్లీ పాడించుకునేవాళ్లు. అదే పద్యం, అదే రాగం, కానీ రెండోసారి ఎక్కడ ఊపిరి తీశాడో వినడానికి. మరి రాక్ సంగీతం దగ్గరకి వచ్చేసరికి ముసలితనం గురించి మనకి ఇంత ఇబ్బంది ఎందుకు? అది కుర్రతనంలో పుట్టి, కుర్రవాళ్ల కోసమే అని ప్రకటించుకుంది కాబట్టా? పుట్టినప్పటి ప్రకటనకి ఒక కళ ఎప్పటికీ కట్టుబడి ఉండాలా?

2023 అక్టోబరులో వాళ్ల కొత్త ఆల్బమ్ 'హాక్నీ డైమండ్స్' వచ్చింది. సొంత పాటలతో ఆల్బమ్ తెచ్చి పద్దెనిమిదేళ్లయింది. అందులో రెండు పాటల్లో చార్లీ వాట్స్ వాయించాడు, పోకముందు రికార్డు చేసినవి. ఒకదానిలో బిల్ వైమన్ కూడా వచ్చి చేరాడు. చివరి పాట మడ్డీ వాటర్స్ 1950లో పాడింది, ఈ బృందానికి పేరు పెట్టిన పాట. జాగర్, రిచర్డ్స్ ఇద్దరే వాయించారు. 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు చూసి రిచర్డ్స్ మాట కలపడంతో ఇదంతా మొదలైంది. అరవై రెండేళ్ల తర్వాత మళ్లీ ఇద్దరే మిగిలి ఆ ప్లాట్‌ఫారం మీది రికార్డు దగ్గరికి వచ్చారు. ఆ పాట విన్న రాత్రే తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "టికెట్లు ఎప్పుడు పెడతారు?" అని వెంటనే జవాబు వచ్చింది.

మరుసటి ఏడాది యాత్ర మొదలైంది హ్యూస్టన్‌లోనే. తమ్ముడు డాలస్ నుంచి కారులో వచ్చాడు. యాభై దాటినవాళ్ల కోసం పనిచేసే ఏఏఆర్‌పీ సంస్థ ఆ యాత్రకి ప్రాయోజకులు. బోర్డుల మీద ఆ పేరు చూసి నేను సంతోషించాను. ఎవరి సంగీతమో, ఎవరు వింటున్నారో దాచాల్సిన పనేముంది? తాతలూ మనవలూ కలిసి వచ్చారు. మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక పెద్దాయన మెట్లమీద ఆగి ఆగి ఎక్కుతున్నాడు. ఆయన చొక్కా మీద వెలిసిపోయిన రోలింగ్ స్టోన్స్ నాలుక బొమ్మ ఉంది. తెలుగు మాటలు కూడా రెండు మూడుసార్లు చెవినపడ్డాయి. ముందుగా ఆస్టిన్ నుంచి వచ్చిన గ్యారీ క్లార్క్ జూనియర్ గిటారు వాయించాడు. టెక్సస్ నేలకీ ఈ బృందానికీ ఉన్న చుట్టరికం నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. లబ్బక్ ఊరి బడ్డీ హాలీ పాటని వాళ్లు 1964లో తమదిగా చేసుకున్నారు. ఆ పక్కనే స్లేటన్ అనే చిన్న ఊళ్లో పుట్టిన బాబీ కీస్ దశాబ్దాలపాటు వాళ్లకి శాక్సఫోన్ వాయించాడు. కీత్ రిచర్డ్స్ పుట్టినరోజే, 1943 డిసెంబరు 18, అతని పుట్టినరోజు కూడా. బెంగళూరులో ఆ శాక్సఫోన్ అతనిదే. 2014లో పోయాడు. అతని సొంత రాష్ట్రంలో ఇప్పుడు ఆ చోట కార్ల్ డెన్సన్ నిలబడ్డాడు.

'స్టార్ట్ మీ అప్'తో మొదలుపెట్టారు. జాగర్‌కి ఎనభై. 2019లో గుండె కవాటానికి చికిత్స అయింది. పరిగెత్తాడు, ఊగాడు, జనంలోకి చొచ్చుకెళ్లిన వంతెన చివరిదాకా వెళ్లి వచ్చాడు. మొదటి పావుగంట నాకు నోరు తెరుచుకునే ఉంది. తర్వాత, ఎప్పుడు జరిగిందో చెప్పలేను, నా కళ్లు అతన్ని వదిలి మిగతావాళ్ల మీదికి వెళ్లాయి. కీత్ రిచర్డ్స్ వేళ్లు పెద్ద తెరమీద కనిపించాయి. కణుపులు ఉబ్బి, వేళ్లు పక్కకి తిరిగి ఉన్నాయి. కీళ్లవాతం వల్ల వాయించే తీరు మారిందని, అయినా ఆ మార్పులోనే కొత్త దారులు దొరుకుతున్నాయని అతను చెప్పాడు. అది నిజమేనని ఆ రాత్రి వినిపించింది. పాతరోజుల్లో పది స్వరాలు వేసేచోట ఇప్పుడు మూడే వేస్తున్నాడు. ఒక కార్డు మోగించి, చెయ్యి గాల్లోకి తీసేసి, అది స్టేడియం అంతా తిరిగొచ్చేదాకా ఆగుతున్నాడు. ఎప్పుడో తీసేసిన ఆ ఆరో తీగలాగే ఇప్పుడు స్వరాల్ని కూడా తీసేస్తున్నాడు అనిపించింది. ఇది బలహీనతా, ఎంపికా? ఎనభై ఏళ్ల చేతుల్లో ఆ రెండింటినీ విడదీయడం ఎవరి తరం?

'గిమ్మీ షెల్టర్' వచ్చింది. 1969 రికార్డులో ఆ స్త్రీ గొంతు మెర్రీ క్లేటన్‌ది. అర్ధరాత్రి పిలిస్తే, నిండు గర్భిణి, తలకి రోలర్లతోనే స్టూడియోకి వెళ్లి పాడింది. తర్వాత చాలా ఏళ్లు వేదికల మీద ఆ గొంతు లీసా ఫిషర్‌ది. బెంగళూరు వచ్చిన బృందంలో ఆమె ఉంది. హ్యూస్టన్‌లో షానెల్ హేన్స్ పాడింది. జాగర్ ఎదురుగా నిలబడి, ఒక్కో అడుగూ ముందుకు వేస్తూ, గొంతు చీలిపోయే ఎత్తుకి తీసుకెళ్లి అక్కడే నిలబెట్టింది. నా పక్కన తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. ఆ క్షణంలో నేను మెర్రీ క్లేటన్‌తో పోల్చలేదు, లీసా ఫిషర్‌తోనూ పోల్చలేదు. ఆ చోటు ఎవరో నిలబడవలసిన చోటు. నిలబడగలిగినవాళ్లకి అది వేషంలాగా ఇవ్వబడుతుంది, పూర్తిగా వాళ్లదవుతుంది, వాళ్ల తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. పాత్ర అంటే మనవాళ్లు అనేది ఇదేగా? బృందం విషయంలో నన్ను పీడించిన ప్రశ్నకి సగం జవాబు ఆ అమ్మాయి గొంతులో దొరికింది.

మిగతా సగం దొరకలేదు. ఎందుకంటే 'హాంకీ టాంక్ విమెన్' ముందు కౌబెల్‌తో మొదలవుతుంది. రికార్డులో అది నిర్మాత జిమ్మీ మిల్లర్ వాయించాడు. ఆ టంగుటంగుల మీద డ్రమ్ములు వచ్చి పడతాయి, ఆ తర్వాత గిటారు. ఆ కౌబెల్ తప్ప వేరే ఏ తోడూ లేకుండా డ్రమ్మరు ఒక్కడే వినిపించే కొద్ది క్షణాలు అవి. స్టీవ్ జోర్డన్ గొప్ప వాద్యకారుడు. చెయ్యి బరువైనది, దెబ్బ నిండుగా ఉంటుంది, ఆ మొదటి దెబ్బకే కింద నేల కదిలింది. జనం లేచి ఆడారు. అందులో లోపం ఏదీ లేదు. కానీ నాకు వాట్స్ చెయ్యి పైకి లేచే చోటు ఇప్పుడు తెలుసు. ఏళ్లతరబడి హెడ్‌ఫోన్స్‌లో విని విని తెలుసుకున్న చోటు అది. చెవి అక్కడికి వెళ్లి నిలబడింది. ఖాళీ ఉండవలసిన చోట శబ్దం ఉంది. బెంగళూరులో ఆ ఖాళీ నా ముందే, వందల గజాల దూరంలో, ఆ క్షణంలో పుడుతూ ఉన్నప్పుడు దాన్ని వినే చెవి నాకింకా తయారు కాలేదు. చెవి తయారయ్యేసరికి ఆ చెయ్యి లేదు. ఇరవై ఐదేళ్ల వయసు ఇచ్చేది ఒకటుంటుంది, దాన్ని నేను చిన్నబుచ్చను. ఆ వానలో ఆ అరుపులు నావే, నాకు ఇప్పటికీ ప్రియమైనవే. కానీ ఒక మనిషి జీవితకాలం పెట్టి నేర్చుకున్నది వినడానికి వినేవాళ్ల జీవితంలో కూడా కొంత భాగం ఖర్చు కావాలేమో. రెండు కాలాలూ ఒకచోట కలిసే అవకాశం ఎంత తక్కువ!

మరి నేను అక్కడ చప్పట్లు కొట్టింది దేనికి? నా పాత వయసుకేనా? ఈ అనుమానం కచేరీ మధ్యలో కూడా వదల్లేదు. పాత పాటలన్నిటికీ జ్ఞాపకం అంటుకునే ఉంటుంది, ఏది పాటో ఏది జ్ఞాపకమో వేరుచేయలేం. అయితే చివరలో, అందరూ వెళ్లిపోయి మళ్లీ వచ్చాక, 'స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్' పాడారు. కొత్త ఆల్బమ్‌లోది. నా జీవితంలో ఏ రైలూ, ఏ వానా దానికి అంటుకుని లేవు. చర్చి పాటల నడకలో మెల్లగా మొదలై, అయిపోయిందనుకున్నచోట ఆగి, మళ్లీ ఊపిరి తీసుకుని పైకి లేచే పాట. జాగర్ ఆ పై స్వరాల దగ్గర గొంతుని నెట్టుకుంటూ వెళ్తున్నాడు. అందుతుందా అందదా అన్న భయం వినిపిస్తోంది. అందింది. నేను నిలబడి ఉన్నదాన్ని కూర్చుండిపోయాను. ఇది గతం కాదు కదా. దీన్ని ఏ జ్ఞాపకం ఖాతాలో వేయను? ఎనభై ఏళ్ల మనిషి ఆ సాయంత్రమే చేసిన పని అది. యాభై తొమ్మిదేళ్లప్పుడు అతను దాన్ని అలా పాడలేడు, అప్పుడు ఆ భయం ఉండేది కాదు. పడుచుగొంతులో ఆ పాట అందంగా ఉండవచ్చు, కానీ దానికి అంత ఎత్తు ఉండదు.

'శాటిస్ఫాక్షన్'తో ముగించారు. బయటికి వచ్చేసరికి పార్కింగ్‌లో కార్లు కదలడం లేదు. తమ్ముడు స్టీరింగ్ మీద రెండు చేతులతో ఆ పాట మొదలు వాయిస్తూ జోర్డన్ గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. నేను ఖాళీ గురించి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "అక్కా, ఆయన చెయ్యెత్తితే వాట్స్‌ని అనుకరించినట్టవుతుంది. ఎత్తకపోవడమే మర్యాద. ఆ చోటు ఆయనదేనని చెప్పినట్టు" అన్నాడు. నేను, వినేవాళ్లకి ఆ మర్యాద ఎలా తెలుస్తుంది, వాళ్లకి వినిపించేది దెబ్బేకదా అన్నాను. నీకు తెలిసిందిగా అన్నాడు. నిజమే, తెలిసింది. అయినా ఆ పాటకి గాలి కావాలని నా పట్టు. గిటారువాడే ఇప్పుడు అంత గాలి వదులుతుంటే డ్రమ్ములు కూడా వదిలితే పాట నిలబడదని, కీత్ చేతులు మారినందుకే జోర్డన్ నిండుగా వాయించవలసి వస్తోందని వాడి వాదన. ఈ మాట నాకు తట్టలేదు. ఇంటికి వచ్చి, టీ పెట్టుకుని, 1969 రికార్డూ, 2003 నాటి యాత్ర రికార్డింగూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తెల్లవారుజాము దాకా విన్నాం. వాడు తొడమీద లెక్కవేస్తూ ఎక్కడ వేగం పెరుగుతుందో చూపించాడు. నేను వేరే చోట చూపించాను. తేలలేదు. వాళ్లు మళ్లీ ఈ దేశంలో వాయిస్తే, ఏ ఊరైనా సరే, ఈసారి జాగర్ వచ్చే వంతెన దగ్గర కాకుండా డ్రమ్ములు తిన్నగా కనిపించే వైపు టికెట్లు తీసుకోవాలని మాత్రం అనుకున్నాం.